‘మీ సంస్థ’ను పట్టుకోవడం ఎలా

మీ ఇల్లు, మీ బల్ల, మీ డబ్బుతో కొన్న కంప్యూటర్. యూజర్ అకౌంట్లలోకి వెళ్లి చూస్తే మీ పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని రాసే ఉంటుంది. అయినా విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచేసరికి పైన ఒక నక్షత్రం గుర్తు, పక్కన ఎర్ర అక్షరాలు: కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోందిట. కింద మీటలు బూడిద రంగులో పడి ఉంటాయి. నొక్కితే కదలవు, తిట్టినా కదలవు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి నాకున్న అర్హతలు రెండు. ముప్ఫై నాలుగేళ్ల ట్రెజరీ ఉద్యోగం ఒకటి, ఈ సమస్యతో పదకొండు రోజుల కాపురం రెండోది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయని పేపర్లో చదివాను. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలుందని అందులోనే ఉంది. పొడిగించుకుందామని చాలా ఏళ్ల తర్వాత ఆ పేజీ తెరిచాను. పొడిగింపుకి 22హెచ్2 వెర్షన్ ఉండాలట. నాది 20హెచ్2 దగ్గర కూర్చుంది. పైన ఆ ఎర్ర గీత.

హైదరాబాదులో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసే మా మేనకోడలు ఈ వ్యాసంలో అక్కడక్కడా అడ్డు తగులుతుంది. నిష్పాక్షికత కోసం ఆమె మాటలు కూడా వేస్తున్నాను. పాటించమని కాదు.

అన్నిటికన్నా ముందు ఆ సంస్థ ఏదో తేల్చాలి. మీరు సభ్యులుగా ఉన్న సంస్థలన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి. నాకు మూడు వచ్చాయి: పెన్షనర్ల సంఘం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, వాకర్స్ క్లబ్. ‘నా కంప్యూటర్ అప్‌డేట్లను తమరు నిర్వహిస్తున్నట్టు తెలియవచ్చినది. ఏ తీర్మానం మేరకో తెలుపగోరుతున్నాను’ అని మూడింటికీ అర్జీలు పెట్టాను. వాకర్స్ క్లబ్ వాళ్లు నవ్వారు. మెయింటెనెన్సు బకాయి లేనివాళ్లకి అలాంటివి జరగవని అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు అన్నాడు. పెన్షనర్ల సంఘం కార్యదర్శి మాత్రం కాదనలేదు. వచ్చే నెల కార్యవర్గంలో పెడతానని రసీదు ఇచ్చాడు. రసీదు చేతికొస్తే సగం పని అయినట్టే. జాగ్రత్తగా దాచుకోండి.

‘మావయ్యా, సంస్థంటే నిజంగా ఎవరో ఉన్నారని కాదు’ అంది మేనకోడలు ఫోన్లో. ‘ఆఫీసుల్లో వందల కంప్యూటర్లని ఒక్కచోటి నుంచి అదుపులో పెట్టుకోడానికి గ్రూప్ పాలసీ అని ఒక ఏర్పాటుంది. విండోస్ 2000 నాటి నుంచీ ఉంది. పాలసీ ఎవరు పెట్టినా సరే, పేజీ మాత్రం మీ సంస్థ అనే చూపిస్తుంది. దానికి వేరే మాట రాదు. మీ ఇంట్లోనే ఎవరో పెట్టి ఉంటారు.’

‘మా ఇంట్లో ఎవరున్నారమ్మా, నేనూ మీ అత్తయ్యా.’

‘అత్తయ్య కంప్యూటర్ ముట్టుకుంటుందా?’

ఆ ప్రశ్నకి నేనప్పుడు పెద్దగా విలువ ఇవ్వలేదు.

రెండో పని, మీరెవరో కంప్యూటర్‌కి తెలిసేలా చెయ్యాలి. కనపడ్డ ప్రతి బొమ్మ మీదా కుడి బటన్ నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనండి. కాలిక్యులేటర్ని కూడా వదలొద్దు. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచీ ఒక పద్ధతుంది. మీరు అడ్మినిస్ట్రేటరే అయినా రోజువారీ పనుల్లో మిమ్మల్ని మామూలు మనిషిగానే చూస్తుంది. పెద్ద పని పడ్డప్పుడు మాత్రం తెర మసకబార్చి, ‘అనుమతిస్తారా’ అని అడుగుతుంది. అవునంటే ఆ ఒక్క పనికీ మీ నెత్తిన అధికారపు టోపీ పెడుతుంది. కాబట్టి పొద్దున్నించీ సాయంత్రం దాకా అవును, అవును అంటూనే ఉండండి. ఏం అడుగుతోందో చదవక్కర్లేదు. చదివితే వేగం తగ్గుతుంది.

అక్కడితోనూ ఆగకండి. విండోస్ లోపల పుట్టుకతో వచ్చిన అడ్మినిస్ట్రేటర్ ఒకడుంటాడు. విస్టా నుంచీ వాణ్ణి నిద్రపుచ్చి ఉంచుతున్నారు. వాణ్ణి లేపండి. పాస్‌వర్డ్ పెట్టకండి, మర్చిపోతారు. నేను లేపాను. వాడి పేరుతో లోపలికెళ్లి అప్‌డేట్ పేజీ తెరిచాను. అదే నక్షత్రం, అవే ఎర్ర అక్షరాలు. పైవాణ్ణి తీసుకొచ్చినా ఫైలు కదల్లేదంటే వ్యవహారం ఏ స్థాయిలో ఉందో చూడండి.

ఇక్కడ మేనకోడలు నా భాషలోకి దిగింది. ‘మావయ్యా, మీ ట్రెజరీలో ఫలానా బిల్లు పాస్ చెయ్యొద్దని ఒక జీవో వచ్చిందనుకోండి. కౌంటర్లో గుమాస్తా ముందుకి సాక్షాత్తూ ఆ జీవో ఇచ్చిన ఆఫీసరే వచ్చి, నేనెవరో తెలుసా అంటే బిల్లు పాస్ చేస్తాడా?’

‘చెయ్యడు. జీవో రద్దు చేసి రమ్మంటాడు.’

‘సెట్టింగుల పేజీ ఆ గుమాస్తా. మీకు అధికారం లేదని ఎవరూ అనట్లేదు. అధికారం ఉంది కాబట్టే ఆ కాగితం చింపగలరు. చింపకుండా కౌంటర్ దగ్గర నిలబడి అరుస్తున్నారు.’

పోలిక బాగానే ఉంది. కానీ చింపాలంటే ముందు కాగితం ఎక్కడుందో వెతకాలి. అరవడానికి ఆ ఇబ్బంది లేదు.

ఇంకొక హెచ్చరిక. ఎర్ర గీత కిందే చిన్న లింకొకటి కనపడుతుంది, అమల్లో ఉన్న అప్‌డేట్ పాలసీలు చూడండి అని. విండోస్ 11లో అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఉంటుంది. దాని జోలికి పోవద్దు. నొక్కితే ఏ పాలసీ పెట్టారో, అది గ్రూప్ పాలసీ ద్వారా వచ్చిందో, ఆఫీసులు ఫోన్లనీ ల్యాప్‌టాప్‌లనీ దూరం నుంచి నడిపే పద్ధతిలో వచ్చిందో వరసగా చూపించేస్తుంది. రోగం పేరు అంత సులువుగా తెలిసిపోతే పదకొండు రోజుల పరిశోధనకి అర్థమేముంది? నా దాంట్లో గ్రూప్ పాలసీ అని వచ్చింది. ఎవరు పెట్టారో మాత్రం అది చెప్పదు. అంచేత దర్యాప్తు కొనసాగించాను.

మొదటి అనుమానం అల్లుడి మీదకి పోయింది. అమెరికా నుంచి వచ్చినప్పుడు రెండు వారాలు నా కంప్యూటర్లోనే ఆఫీసు మెయిలు చూసుకున్నాడు. ఆఫీసు అకౌంటుతో లోపలికెళ్లేటప్పుడు, ఈ పరికరాన్ని నిర్వహించడానికి మా సంస్థకి అనుమతిస్తున్నాను అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుందని, కంగారులో జనం ఓకే కొట్టేస్తారని మేనకోడలు చెప్పింది. అలా జరిగితే నిజంగానే ఒక సంస్థ మన పడకగదిలోకి వచ్చి కూర్చున్నట్టే. సెట్టింగుల్లో అకౌంట్స్‌కి పోయి, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తెరిస్తే ఆ అకౌంటు పేరు కనపడుతుంది, డిస్‌కనెక్ట్ చెయ్యొచ్చు. ఇలాంటి సందర్భంలో మీరు చెయ్యాల్సింది ఆ పేజీ తెరవడం కాదు. అల్లుడితో మాట్లాడటం తగ్గించండి. నేను తొమ్మిది రోజులు తగ్గించాను. తర్వాత ఆ పేజీ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. అప్పటికే వియ్యపురాలి నుంచి ఫోను వచ్చింది.

నిజంగా సంస్థ ఉన్న కేసు నేను ఒక్కటే చూశాను. వాకింగ్ మిత్రుడొకాయన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం కొని, వదిలించుకున్న సరుకు. మీటలు కదలకపోతే నా సలహా మీద రీసెట్ కొట్టాడు. అంతా చెరిగిపోయి మళ్లీ మొదలై, ఇంటర్నెట్ తగలగానే ఆ కంపెనీ పేరుతో స్వాగతం చెప్పి, ఉద్యోగి పాస్‌వర్డ్ అడిగింది. ఆ యంత్రం గుర్తింపు కంపెనీ ఖాతాలో నమోదై ఉంటే ఎన్నిసార్లు కడిగినా అంతేనట. వాళ్లే తమ జాబితాలోంచి తీసెయ్యాలి, లేదా అమ్మినవాడికి తిరిగివ్వాలి. మిత్రుడు ఏడోసారి రీసెట్ చేస్తున్నాడు. పట్టుదల గల మనిషి.

ఇప్పుడు అసలు చికిత్స. మీది ప్రొఫెషనల్ ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉంటుంది. హోమ్ ఎడిషన్ వాళ్లకి ఇది ఉండదు, వాళ్లు నిరాశపడొద్దు, చెడగొట్టుకునే మార్గాలు ఇంకా ఉన్నాయి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్ అంటూ మెట్లు దిగితే కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్ అనే వరస కనపడుతుంది. అందులో మూడు గుండ్రాలు: నాట్ కాన్ఫిగర్డ్, ఎనేబుల్డ్, డిజేబుల్డ్. పాలసీ మనకి వద్దు కాబట్టి డిజేబుల్డ్ పెట్టాలి. ఇందులో ఆలోచించేదేముంది? నేను పెట్టేశాను.

‘అయ్యో మావయ్యా!’ అంది మేనకోడలు. నాట్ కాన్ఫిగర్డ్ అంటే జీవో రద్దు. డిజేబుల్డ్ అంటే ఆటోమేటిక్ అప్‌డేట్లు వద్దని ఇంకో జీవో. రద్దు చెయ్యబోయి నేను రెండోది విడుదల చేశానన్నమాట. సర్వీసులో ఉండగా నా చేతుల మీదుగా ఒక్క జీవో కూడా వెళ్లలేదు, రిటైరయ్యాక వెళ్లింది.

దానికన్నా పెద్ద సంగతి ఆమె తర్వాత అడిగింది. ‘మీరు మార్చకముందు అక్కడ ఏముంది?’ నాట్ కాన్ఫిగర్డ్ అనే ఉంది. ‘అయితే ఎడిటర్ ద్వారా పెట్టింది కాదు. నేరుగా రిజిస్ట్రీలో రాశారు. జీవో ఇచ్చినట్టు రిజిస్టర్లో ఉండదు, కాగితం మాత్రం బీరువాలో ఉంటుంది. అప్‌డేట్ ఆపే ఉచిత ప్రోగ్రాములూ, విండోస్‌ని తేలిక చేస్తామనే స్క్రిప్టులూ చేసే పని ఇదే. లేకపోతే ఎవరో చేత్తో రాశారు.’

చేత్తో రాసేంత పరిజ్ఞానం మా ఇంట్లో ఎవరికీ లేదని గట్టిగా చెప్పాను.

రిజిస్ట్రీ అంటే విండోస్ రికార్డు రూము. లోకల్ మెషీన్ అనే పెద్ద అర, అందులో సాఫ్ట్‌వేర్, అందులో పాలసీస్, అందులో మైక్రోసాఫ్ట్, తర్వాత విండోస్, దాని కింద విండోస్ అప్‌డేట్ అనే ఫోల్డరు, దాని లోపల ఏయూ అని పిల్ల ఫోల్డరు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్లో ఈ ఆఖరి రెండూ లేకపోయినా నష్టం లేదుట. ఉంటే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఒక నకలు తీసి పెట్టుకుని, ఆ విండోస్ అప్‌డేట్ ఫోల్డరు ఒక్కదాన్నే తీసేసి రీస్టార్ట్ చెయ్యమంటుంది మేనకోడలు. పిసినారి వైద్యం. నా సలహా వేరు: పైన ఉన్న పాలసీస్ మొత్తం ఎత్తెయ్యండి, చేతనైతే సాఫ్ట్‌వేర్ కూడా. నకలు తీస్తే మనమీద మనకే నమ్మకం లేనట్టు. నేను ఆ పనికి పూనుకునే వేళకి కరెంటు పోయింది. అందుకే ఈ వ్యాసం రాయడానికి కంప్యూటర్ మిగిలింది.

రిజిస్ట్రీ అంటే భయపడేవాళ్లకి ఫైళ్ల యాజమాన్యం మార్చే పద్ధతి ఒకటుంది. విండోస్ ఫైళ్లకి యజమాని మీరు కాదు, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ఒక లోపలి సర్వీసు. మన ఇంట్లో మన ఫైళ్లకి ఇంకెవరో పట్టాదారు ఏమిటి? కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క వరసతో సీ డ్రైవు మొత్తం మీ పేరు మీదకి రాయించుకోవచ్చు. ఇలాంటి ప్రయోగాలు ముందు బంధువుల కంప్యూటర్ మీద చెయ్యడం మంచిది. మా బావమరిది కంప్యూటర్లో అన్ని ఫైళ్లూ ఇప్పుడు ఆయన పేరు మీదే ఉన్నాయి. స్టార్ట్ మెనూ తెరుచుకోవడం మానేసింది. పట్టా చేతికొచ్చింది, స్వాధీనం పోయింది.

సర్వీసుల సంగతి తొందరగా ముగిస్తాను. 0ఎక్స్80070422 అనే అంకె కనపడితే లాటరీ నంబరు కాదు, అప్‌డేట్‌కి కావలసిన సర్వీసుని ఎవరో డిజేబుల్ చేశారని అర్థం. ఆపిన అప్‌డేట్ సర్వీసుని మళ్లీ లేపడానికి విండోస్ 10లో మెడిక్ అనే ఇంకో సర్వీసుని పెట్టారు. దాన్ని ఆపబోతే అనుమతి లేదంటుంది. వైద్యుణ్ణి కొట్టబోతే వచ్చే సమాధానమే అది.

ఇంతకీ అప్‌డేట్లు రాకపోతే కొంప మునుగుతుందా? మునగదు. ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా పడమటి తీరంలో పొద్దున పది గంటలకి వదులుతారు, మనకి ఋతువుని బట్టి రాత్రి పదిన్నరో, పదకొండున్నరో అవుతుంది. ఆ వేళకి ఎవరు మేలుకుని ఉంటారు? 2017 మార్చి 14న ఒక అప్‌డేట్ వదిలారు. వేసుకోని వాళ్ల కంప్యూటర్లలోకి మే 12న వాన్నాక్రై దూరింది, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండు ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. మార్చి 14కీ మే 12కీ మధ్య యాభై తొమ్మిది రోజులు. యాభై తొమ్మిది రోజుల గడువున్న పనిని అరవయ్యో రోజున మొదలుపెట్టడం మన సంప్రదాయం కదా, దానికి వాళ్లని తప్పుపడితే ఎలా? నాకైతే నాలుగేళ్లు దాటింది, ఇంకా ఎవరూ దూరలేదు. దూరితే చెప్పి దూరతారనే నమ్మకంతో ఉన్నాను.

పదకొండో రోజు మేనకోడలు ఓపిక చచ్చి, దూరం నుంచే నా తెర తెరిపించుకుంది. రిజిస్ట్రీలో ఆ ఫోల్డరుకి నకలు తీసింది, ఊరికే కాక టెక్స్ట్ ఫైలుగా కూడా తీసింది. ఎందుకమ్మా అంటే, అలా తీస్తే ఆ ఫోల్డరులో ఆఖరిసారి ఎప్పుడు రాశారో తేదీతో సహా పడుతుందిట. మామూలుగా చూస్తే ఆ తేదీ కనపడదు. ఈ కిటుకు ఈ వ్యాసంలో పొరపాటున పడ్డ ఒక్క పనికొచ్చే ముక్క.

లోపలి ఏయూ మీద మొన్నటి తేదీ ఉంది, అది నా జీవో ప్రతాపం. దాని పైన ఉన్న విండోస్ అప్‌డేట్ ఫోల్డరు మీద మాత్రం 14-01-2021, ఉదయం 7 గంటల 5 నిమిషాలు. లోపల అప్‌డేట్ సర్వర్ చిరునామా అనే చోట ఎక్కడా లేని ఒక చిరునామా రాసి ఉంది, అప్‌డేట్ అక్కడికి పోయి వెతుక్కుని వట్టి చేతులతో తిరిగొచ్చేలా.

ఆమె గ్రూప్ పాలసీ ఎడిటర్లో నా డిజేబుల్డ్‌ని నాట్ కాన్ఫిగర్డ్ చేసింది, ఫోల్డరు తీసేసింది, కంప్యూటర్ రీస్టార్ట్ అయింది, ఎర్ర గీత పోయింది. మొత్తం పావుగంట. పదకొండు రోజుల కృషిని ఈ కాలపు పిల్లలు ఎలా చులకన చేస్తారో మీరే చూడండి.

‘2021 జనవరి 14. సంక్రాంతి పొద్దున. ఆరోజు మీ ఇంటికి ఎవరొచ్చారు మావయ్యా?’

ఎవరూ రాలేదు. అది కరోనా ఏడాది. దర్యాప్తు పూర్తి చెయ్యాలని పాత డైరీ తీశాను. నాకు రోజూ డైరీ రాసే అలవాటు, ఖర్చులతో సహా. ఫోన్లో ఆమె వింటుండగానే చదివాను, అదే నేను చేసిన తప్పు.

‘అమెరికాలో భోగి సాయంత్రం అంటే మనకి సంక్రాంతి తెల్లవారుజాము. బాబుకి భోగిపళ్లు. ఐదున్నరకే స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాము. ఇద్దరమూ. అమ్మాయి బాబుని పీట మీద కూర్చోబెట్టింది. రేగుపళ్లు దోసిట్లోకి తీసుకుంది. అంతలో తెర నీలంగా మారి, కంప్యూటర్ ఆపవద్దు, నలభై శాతం అని వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఏడు గంటలకి పది నిమిషాలు తక్కువ. బాబు నిద్రపోయాడట. ఆవిడ ఏమీ అనలేదు, వంటింట్లోకి వెళ్లిపోయింది.’

ఫోన్లో చప్పుడు లేదు. కాసేపటికి మేనకోడలు మెల్లిగా చెప్పింది, యాక్టివ్ అవర్స్ అని ఉంటాయి మావయ్యా, మొదట పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఉంటాయి, ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ అవదు, పద్దెనిమిది గంటల దాకా పెంచుకోవచ్చు, లేదా ముప్ఫై అయిదు రోజులు అప్‌డేట్లని ఆపి ఉంచుకోవచ్చు, ఆరోజు నాకు ఒక్క ఫోను కొట్టి ఉంటే సరిపోయేది అని. పండగ పూట పొద్దున్నే ఒకరి నిద్ర పాడుచెయ్యడం నా పద్ధతి కాదు.

పేజీ తిప్పాను. అక్కడ మెట్లు వరసగా రాసి ఉన్నాయి, లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, అన్నీ. నో ఆటో అప్‌డేట్, విలువ 1. సర్వర్ చిరునామా తప్పుగా ఇవ్వవలెను. కింద, ‘ఇక ఎవరివల్లా కాదు’ అని ఒక వాక్యం, దాని కింద ఎర్ర ఇంకుతో టిక్కు, తేదీ, పొట్టి సంతకం. ఆఫీసు అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆ సంతకం నాది కాదని మేనకోడలి దగ్గర వాదించడానికి ఎన్ని మార్గాలున్నాయో వచ్చే సంచికలో రాస్తాను. పెన్షనర్ల సంఘం వారి రసీదు అందులో మొదటి సాక్ష్యం.